జీతం తగ్గలేదు కదా, ఇంకేంటి నష్టం?

చాన్నాళ్ళుగా రాద్దామనుకుంటూ వాయిదా వేస్తున్న టపా ఇది. చరిత్ర అనగానే రాజులూ యుద్ధాలూ ఉంటాయనుకునేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, ఇందులో అవేమీ లేవు. ఒక పోలీసు సార్జెంటు, రైల్వే యార్డులో ఫోర్క్‌లిఫ్ట్ నడిపిన ఒకావిడ, జైల్లో డ్యూటీ చేసే తొమ్మిదిమంది ఆడవాళ్ళు ఉన్నారు. ఇంకా మా పెద్దమ్మ కూతురు ఉంది. మొదలు పెట్టేది ఆవిడతోనే.

2022లో నేను డాలస్ దగ్గర ఎమ్మెస్ చివర్లో ఉన్నాను. శనాదివారాలు ఇర్వింగ్‌లో అక్కావాళ్ళింటికి చేరిపోయేవాణ్ణి. పప్పుచారు కోసం అని అందరికీ చెప్పేవాణ్ణి గానీ బట్టలుతుక్కోవడం కూడా ఒక కారణం. ఆగస్టు చివర్లో ఒక ఆదివారం భోజనాలయ్యాక అక్క లాప్‌టాప్ నా వైపు తిప్పి "చూడరా, ఏం రాశారో" అంది. హెచ్చార్ నుంచి వచ్చిన మెయిలు. సారాంశం ఏంటంటే: మీ జీతం మారలేదు, గ్రేడు మారలేదు, టైటిల్ మారలేదు, కాబట్టి మీకు ప్రతికూలంగా జరిగిందేమీ లేదు. ఇక ఇంతే.

జరిగింది ఇదీ. అక్క ఐదేళ్ళుగా ఒక డిజైన్ టీములో ఉంది. క్లయింటుతో కూర్చుని, సిస్టమ్ ఎలా ఉండాలో గీసి, కిందివాళ్ళకి అప్పజెప్పే పని. కొత్త మేనేజరొచ్చాడు. వచ్చిన రెండో నెలలో, అంటే 2022 మార్చి 14న, అక్కని ప్రొడక్షన్ సపోర్టుకి మార్చారు. వారానికో షిఫ్టు, నెలలో రెండు వీకెండ్లు ఆన్‌కాల్, రాత్రి రెండింటికి ఫోన్ మోగితే లేచి కూర్చోవడం. అక్క కుర్చీలోకి అదే టీములో ఆవిడకంటే జూనియర్ కుర్రాణ్ణి కూర్చోబెట్టారు. ఎందుకిలా అనడిగితే ఆయన "చిన్నపిల్ల ఉంది కదా, క్లయింటు దగ్గరికి తిరగడం నీకు కష్టం" అన్నాడట. ఆ జూనియర్‌కి కూడా చిన్నపిల్లాడున్నాడు. ఆ మాట ఆయనకెవరూ చెప్పలేదు.

బావ అప్పటికే ఒక నిర్ణయానికొచ్చేశాడు. "జీతం వస్తోంది, ఇద్దరం హెచ్1బీ మీద ఉన్నాం, ఎందుకీ గొడవ?" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. హెచ్1బీ మీద ఉద్యోగం పోతే మామూలుగా దొరికే గడువు 60 రోజులు. ఆ లోపు ఇంకో కంపెనీ చూసుకోవాలి, లేదా మరో దారి వెతుక్కోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. మనవాళ్ళు ఆఫీసులో నోరెత్తకపోవడానికి సగం కారణం ఈ 60 అంకే.

అయినా అక్క ఒక లాయర్ని కలిసింది. నేనూ వెంట వెళ్ళాను. ఆవిడ ఓపిగ్గా అంతా విని మూడే మూడు ప్రశ్నలు వేసింది. తీసేశారా? డిమోట్ చేశారా? జీతం తగ్గించారా? మూడింటికీ అక్క లేదనే చెప్పింది. "ఇంకే రాష్ట్రంలోనైనా కాస్త ఆలోచించేదాన్నేమో. ఇది టెక్సాస్. ఈ నెలలోనే ఇక్కడి అప్పీల్ కోర్టు ఇలాంటి కేసు ఒకటి కొట్టేసింది" అని ఆ కేసు సంగతి చెప్పింది. మేం మాట్లాడకుండా కారెక్కాం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు లా రాదు. కానీ ఏదన్నా ప్రోగ్రాం తప్పుగా పనిచేస్తుంటే సోర్స్ తెరిచి చూసే అలవాటుంది. నష్టం పెద్దదై ఉండాలని ఆ చట్టంలో ఏ లైన్లో రాశారో చూద్దామనుకున్నా. అప్పుడు మొదలైన చదువు, ఇదిగో ఇప్పటిదాకా వచ్చింది.

సోర్సు కోడంటే 1964 నాటి పౌరహక్కుల చట్టం. ఆ ఏడాది జూలై 2న లిండన్ జాన్సన్ సంతకం పెట్టాడు. అందులో ఏడో భాగం, అందరూ టైటిల్ సెవెన్ అనేది, ఉద్యోగాల గురించి. మొదట జాతి, రంగు, మతం, పుట్టిన దేశం వీటి మీదే నడిచింది. 'లింగం' అనే మాటని వర్జీనియా సభ్యుడు హోవర్డ్ స్మిత్ సభలో సవరణగా పెట్టాడు. ఈయన ఆ బిల్లుకే వ్యతిరేకి. బిల్లుని ముంచడానికే పెట్టాడని కొందరంటారు, మనస్ఫూర్తిగానే పెట్టాడని కొందరంటారు. ఏదైతేనేం, బిల్లు ఆ మాటతో సహా గట్టెక్కింది.

అసలు వాక్యాన్ని నా మాటల్లో చెప్తాను. ఈ కారణాల వల్ల ఒక మనిషిని ఉద్యోగంలోకి తీసుకోకపోవడం, తీసెయ్యడం, లేదా జీతభత్యాల్లోగానీ, ఉద్యోగ నిబంధనల్లోగానీ, పరిస్థితుల్లోగానీ, సౌకర్యాల్లోగానీ వివక్ష చూపడం చట్టవిరుద్ధం. అంతే. నేను మూడుసార్లు చదివాను. 'పెద్ద' నష్టం, 'తీవ్రమైన' నష్టం, 'గణనీయమైన' నష్టం లాంటి మాటలు ఎక్కడా లేవు. జీతం అన్నది ఆ జాబితాలో ఒకటి మాత్రమే. మిగతావన్నీ దాని పక్కనే సమానంగా నిలబడి ఉన్నాయి.

1986లో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. మెషెల్ విన్సన్ అనే బ్యాంకు ఉద్యోగిని కేసులో, చట్టంలో ఉన్న 'నిబంధనలు, పరిస్థితులు' అన్న మాటలు డబ్బు నష్టానికే పరిమితం కావని తేల్చింది. లైంగిక వేధింపు కూడా వివక్షే అని ఆ కోర్టు మొదటిసారి ఒప్పుకున్న కేసు అది.

మరి 'పెద్ద నష్టం' అన్న షరతు ఎక్కణ్ణుంచొచ్చింది? ఇక్కడే మనకి బాగా తెలిసిన జబ్బు కనిపిస్తుంది. కాపీ పేస్ట్!

కింది కోర్టులకి ఒక భయం ఉండేది. ఏమాటకామాట చెప్పుకోవాలి, అది మరీ అర్థంలేని భయం కూడా కాదు. బాసు నవ్వలేదని, కిటికీ పక్క సీటివ్వలేదని ప్రతివాడూ కోర్టుకొస్తే ఎలా? దేశంలో ఉన్న ఆఫీసులన్నిటికీ జడ్జీలే హెచ్చార్లయిపోతారు కదా. అందుకని 1990లలో ఒక్కో అప్పీల్ కోర్టు ఒక్కో ఫిల్టరు పెట్టుకుంది. కొన్ని 'గణనీయమైన' మార్పు ఉండాలన్నాయి. కొన్ని, వట్టి అసౌకర్యం చాలదన్నాయి. టెక్సాస్, లూసియానా, మిస్సిసిపీలని చూసే ఐదో సర్క్యూట్ కోర్టు అందరికంటే ఒకడుగు ముందుకేసి, 1995లో ఒక కేసులో 'అంతిమ నిర్ణయాలు' మాత్రమే లెక్కలోకొస్తాయంది. అంటే తీసుకోవడం, తీసెయ్యడం, ప్రమోషన్, జీతం, సెలవు మంజూరు లాంటివి. లాయరమ్మ అడిగిన ప్రశ్నలు పుట్టింది ఇక్కడే.

దీనికితోడు 1998లో ఇంకోటి జరిగింది. ఎల్లెర్త్ అనే కేసులో సుప్రీంకోర్టు, సూపర్‌వైజరు చేసిన వేధింపుకి కంపెనీ ఎప్పుడు బాధ్యత వహించాలి అనే ప్రశ్న తేలుస్తూ, ఉద్యోగ హోదాలో 'గణనీయమైన మార్పు' అని ఒక నిర్వచనం రాసింది. అది ఆ ఒక్క ప్రశ్నకి రాసుకున్న నిర్వచనం. కానీ కింది కోర్టుల్లో చాలామంది దాన్ని ఎత్తుకొచ్చి మామూలు వివక్ష కేసుల్లో అతికించారు. ఒక ఫంక్షన్ కోసం రాసిన చెక్‌ని ఇంకో ఫంక్షన్‌లో పడేస్తే ఏమవుతుందో మనకి తెలుసు. కంపైల్ అవుతుంది. రన్ కూడా అవుతుంది. వెనక్కి పంపకూడనివాళ్ళని వెనక్కి పంపేస్తూ ఉంటుంది, అంతే.

ఎవరెవరిని పంపేసిందో చూడండి. ఒక ఇంజినీరింగ్ టెక్నీషియన్‌ని 14 అడుగులకి 22 అడుగుల గాలి సొరంగంలో పనికి మార్చారు. పెద్ద నష్టమేమీ లేదు పొమ్మంది కోర్టు. పార్సిల్ కంపెనీలో ఒకరిని రాత్రిళ్ళు మాత్రమే చేసే పనిలో వేశారు. అదీ చాలదంది. ఒక స్కూలు ప్రిన్సిపాల్‌ని స్కూల్లోంచే తీసి, తక్కువమంది కింద పనిచేసే ఒక ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టారు. అదీ అంతే. వీళ్ళు చెప్పిన వివక్ష నిజమా కాదా అన్నది ఎవరూ తేల్చలేదు. ఆ మాట దాకా వెళ్ళకుండానే, 'నీకు జరిగింది చిన్నది' అని గుమ్మంలోంచే తిప్పి పంపేశారు. నాకు అన్నిటికంటే బాధనిపించింది ఇదే.

మధ్యలో 2006లో ఒక ముఖ్యమైన తీర్పొచ్చింది. షీలా వైట్ అనే ఆవిడ మెంఫిస్‌లో ఒక రైల్వే యార్డులో 1997లో చేరింది. ఆ విభాగంలో ఆవిడొక్కతే ఆడమనిషి. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేది. ఫోర్‌మన్ మాటల మీద ఫిర్యాదు చేసింది. కంపెనీ ఫోర్‌మన్‌ని పది రోజులు సస్పెండ్ చేసింది, దాంతోపాటే ఈవిణ్ణి ఫోర్క్‌లిఫ్ట్ మీంచి దింపి పట్టాల మీద కూలిపనికి పంపింది. జీతం అంతే! హోదా పేరూ అంతే! ఆ తర్వాత జీతం లేకుండా 37 రోజులు సస్పెండ్ చేసి, తప్పు లేదని తేలాక ఆ డబ్బు కట్టిచ్చారు. డబ్బులిచ్చేశాం కదా, ఇంకేంటి నష్టం అంది కంపెనీ. 37 రోజులపాటు ఇంట్లోకి జీతం రాకపోతే ఆ ఇంటి పరిస్థితేంటో నెల జీతగాళ్ళమైన మనకి చెప్పక్కర్లేదు. జ్యూరీ ఆవిడకి 43,500 డాలర్లిచ్చింది. సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది.

ఆ తీర్పులో జస్టిస్ బ్రేయర్ చెప్పిన ఉదాహరణలు నాకు బాగా నచ్చాయి. షిఫ్టు టైము మారిస్తే చాలామందికి పెద్ద తేడా ఉండదు, బడికెళ్ళే పిల్లలున్న తల్లికి చాలా తేడా ఉంటుంది. బాసు లంచ్‌కి పిలవకపోతే అదో చిన్న చిన్నచూపు, కానీ ఆ లంచ్ వారం వారం జరిగే ట్రైనింగ్ లంచ్ అయితే కెరీర్‌కే దెబ్బ. అంటే నష్టాన్ని కొలవాలంటే అది ఎవరికి, ఎక్కడ, ఎలా జరిగిందో చూడాలన్నమాట.

కాకపోతే ఒక మెలిక ఉంది. ఆ కేసు ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం గురించి, అది చట్టంలో వేరే సెక్షను. అక్కడ 'మామూలు ఉద్యోగి ఫిర్యాదు చెయ్యడానికే జంకేంత' నష్టం కావాలన్నారు. కక్షసాధింపుకి పెట్టిన ఆ గీతని కూడా కొన్ని కోర్టులు తెచ్చి మామూలు వివక్షకి వాడేశాయి. మళ్ళీ కాపీ పేస్ట్.

ఇక్కడ కాస్త పక్కకెళ్ళి ఇంకో చరిత్ర చెప్పాలి, ఎందుకంటే అక్క కథ దానికీ ముడిపడి ఉంది. నష్టం ఉండటం ఒకటి, ఆ నష్టాన్ని దావాలో సరిగ్గా రాయడం ఇంకొకటి.

1938లో వచ్చిన ఫెడరల్ సివిల్ నిబంధనల్లో ఎనిమిదోది, దావా పత్రంలో పొట్టిగా, సాదాగా నీ సంగతి చెప్పుకుంటే చాలంటుంది. 1957లో దానికి పెద్ద పరీక్ష వచ్చింది. అదీ టెక్సాస్ నుంచే. హ్యూస్టన్‌లో ఒక రైల్వే, 45 ఉద్యోగాలు రద్దు చేశామని చెప్పి నల్లజాతి కార్మికుల్ని కొందర్ని తీసేసి, కొందర్ని కిందికి దింపి, ఆ పనుల్లో తెల్లవాళ్ళని పెట్టిందని ఆరోపణ. కాపాడాల్సిన యూనియన్ చేతులు ముడుచుకు కూర్చుంది. కార్మికులు యూనియన్ మీద దావా వేస్తే కింది కోర్టులు కొట్టేశాయి. సుప్రీంకోర్టు మాత్రం, వీళ్ళు గెలవడానికి ఏ దారీ లేదని నిశ్చయంగా తేలితే తప్ప మొదట్లోనే కొట్టెయ్యకూడదంది. కాన్లీ కేసంటారు దీన్ని. యాభై ఏళ్ళపాటు తలుపు అలా తెరిచే ఉంది.

2002లో ఇంకోటి. హంగరీ నుంచి వచ్చిన 53 ఏళ్ళ పెద్దాయన ఒకాయన రీఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసేవాడు. ఆయన బాధ్యతలు చాలావరకు తీసి 32 ఏళ్ళ ఫ్రెంచి కుర్రాడికిచ్చారు. చివరికి ఉద్యోగమే పోయింది. దావాలోనే సాక్ష్యాలన్నీ పేర్చక్కర్లేదు, ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎవరెవరు ఏ వయసు, ఏ దేశం వాళ్ళో చెప్పాడు, మొదటి మెట్టుకి అది చాలని సుప్రీంకోర్టు జడ్జీలందరూ ఒక్కమాట మీద చెప్పారు.

తర్వాత తలుపు కొంచెం మూసుకుంది. 2007లో టెలిఫోన్ కంపెనీల కేసు ఒకటి, 2009లో ఇక్బాల్ కేసు. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత నిర్బంధంలో పెట్టిన ఒక పాకిస్తానీ ఆయన వేసిన కేసు ఇది. 5-4 తేడాతో కోర్టు ఏమందంటే, దావాలో ఉన్న సంఘటనల్ని నిజమనే అనుకుంటాం, కానీ తీర్మానాల్ని అలా అనుకోం. 'నా మీద వివక్ష చూపారు' అనేది తీర్మానం. 'ఫలానా రోజు ఫలానా పని తీసి ఫలానావాడికిచ్చారు' అనేది సంఘటన. తీర్మానాలన్నీ కొట్టేశాక మిగిలిన సంఘటనలు చూస్తే నమ్మదగ్గట్టుండాలి. లేదంటే కేసు అక్కడితో సరి.

ఇప్పుడు అక్క హెచ్చార్‌కి రాసిన మొదటి మెయిలు గుర్తు చేసుకుంటే నాకు నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. రెండు పేజీలు. 'ఐదేళ్ళు అంకితభావంతో పనిచేశాను, నన్ను మానసికంగా వేధించారు, చాలా అన్యాయం జరిగింది, ఎంతో బాధపడ్డాను'. అన్నీ నిజాలే. కానీ మార్చి 14 అన్న తేదీ లేదు. ముందు ఏం పని, తర్వాత ఏం పని అని లేదు. ఎన్ని వీకెండ్లు పోయాయో లేదు. మేనేజరన్న మాట అసలే లేదు, 'అది రాస్తే చాడీలు చెప్పినట్టుంటుందిరా' అని వదిలేసిందట. మనింట్లో బాధ అలాగే చెప్పుకుంటాం మరి. అమ్మతో అయితే 'నాకు బాగోలేదమ్మా' అంటే చాలు, మిగతాది ఆవిడే కనిపెడుతుంది. కోర్టూ హెచ్చారూ అమ్మలు కారు.

సరే, లాయరమ్మ చెప్పిన కేసుకొస్తాను. డాలస్ కౌంటీ జైలు. ఇర్వింగ్‌లో మా అక్కావాళ్ళింటి నుంచి కారులో పెద్ద దూరం కూడా కాదు. 2019 ఏప్రిల్‌లో అక్కడ సెలవుల పద్ధతి మార్చారు. అంతకుముందు సీనియారిటీ ప్రకారం ఎంచుకునేవాళ్ళు. కొత్త పద్ధతిలో మగ ఆఫీసర్లకి మాత్రమే శని ఆదివారాలు రెండూ సెలవు. ఆడవాళ్ళకి రెండూ కలిసి దొరకవు. కారణమేంటని అడిగితే సార్జెంటు దాచలేదు, మగవాళ్ళు వారం మధ్యలో కాక వీకెండ్లో సెలవు తీసుకుంటేనే భద్రంగా ఉంటుందన్నాడు. పని ఇద్దరిదీ ఒకటే. తొమ్మిదిమంది ఆడవాళ్ళు కోర్టుకెళ్ళారు.

ఇంతకంటే నేరుగా లింగవివక్ష ఎలా ఉంటుంది చెప్పండి? దావాలో అన్నీ ఉన్నాయి. తేదీ ఉంది, పాత పద్ధతి ఉంది, కొత్త పద్ధతి ఉంది, ఎవరికిచ్చారో ఎవరికివ్వలేదో ఉంది, పై అధికారి నోటిమాటా ఉంది. అయినా కింది కోర్టు కొట్టేసింది, వీకెండ్ సెలవు 'అంతిమ నిర్ణయం' కాదు కాబట్టి. 2022 ఆగస్టులో ముగ్గురు జడ్జీల అప్పీల్ బెంచి ఇంకా చిత్రమైన పని చేసింది. ఇది చట్టం మాటలకి సరిగ్గా సరిపోయే వివక్షేనని ఒప్పుకుంటూనే, పాత తీర్పులు మా చేతులు కట్టేశాయంటూ కొట్టేసింది. పూర్తి బెంచి దీన్ని మళ్ళీ చూస్తే బాగుంటుందని సూచన కూడా చేసింది. అక్కతో లాయరమ్మ చెప్పింది ఈ తీర్పు గురించే.

ఆ ఏడాది ముగిసేలోపే పూర్తి బెంచి ఆ కేసుని మళ్ళీ వినడానికి ఒప్పుకుంది. ఆ సంగతి మాకు తెలీదు. 2023 ఆగస్టు 18న తీర్పొచ్చింది. 'అంతిమ నిర్ణయం' అనే షరతు చట్టంలో లేదు, మేమే పెట్టుకున్నాం, తీసేస్తున్నాం అన్నారు. ఏ రోజులు పనిచేస్తావు, ఎప్పుడు సెలవు అన్నవి ఉద్యోగ నిబంధనలు కాక మరేంటి అన్నారు. ఆ తొమ్మిదిమంది గెలిచినట్టు కాదు, కేసు వినాలని తేలింది. అక్కడిదాకా రావడానికే నాలుగేళ్ళు పట్టింది.

ఆ తర్వాత ఎనిమిది నెలలకి, 2024 ఏప్రిల్ 17న, సుప్రీంకోర్టు దేశమంతటికీ తేల్చేసింది. సెయింట్ లూయిస్ పోలీసు శాఖలో సార్జెంటు మల్డ్రో 2008 నుంచి 2017 దాకా ఇంటెలిజెన్స్ విభాగంలో ఉంది. పాత కమాండరుకి ఆవిడ మీద గొప్ప నమ్మకం. కొత్తాయనొచ్చి, ఆ స్థానంలో మగ ఆఫీసర్ని పెట్టుకుని ఆవిణ్ణి ఒక డిస్ట్రిక్టుకి పంపేశాడు. సార్జెంటని పిలవాల్సిన చోట ఒక్కోసారి 'మిసెస్' అని పిలిచేవాడట. జీతం అదే, ర్యాంకు అదే. పోయినవేంటంటే: ఎఫ్‌బీఐ టాస్క్‌ఫోర్సు హోదా, దాంతో వచ్చిన కారు, సోమవారం నుంచి శుక్రవారం డ్యూటీ. వచ్చినవేంటంటే: యూనిఫాం, మారే షిఫ్టులు, వీకెండ్ డ్యూటీలు, ఎక్కువగా కాగితాల పని. చదువుతుంటే అక్క బదిలీ కాగితమే చదువుతున్నట్టనిపించింది.

కింది కోర్టు, అప్పీల్ కోర్టు రెండూ 'గణనీయమైన నష్టం' లేదు పొమ్మన్నాయి. సుప్రీంకోర్టులో తొమ్మిదిమందీ ఆ తీర్పుని కొట్టేశారు. జస్టిస్ కేగన్ రాసినదాని సారం ఇదీ: బదిలీ వల్ల ఉద్యోగ నిబంధనల్లోనో పరిస్థితుల్లోనో కొంత నష్టం జరిగిందని చూపిస్తే చాలు, అది పెద్దదై ఉండక్కర్లేదు. చట్టంలో లేని మాటని కోర్టులు కలపకూడదు. పైన నేను చెప్పిన గాలి సొరంగం, రాత్రి షిఫ్టు, ప్రిన్సిపాల్ ఉదాహరణలు ఈ తీర్పులోవే.

అందరూ ఒకే దారిలో రాలేదు. ఆడమనిషి కాబట్టి బదిలీ చేస్తే ఆ బదిలీయే వివక్ష, మళ్ళీ వేరే నష్టం చూపించడమెందుకు అన్నాడు కావనా. అలీటో మాత్రం ఈ కొత్త మాటకీ పాత మాటకీ తనకి పెద్ద తేడా కనపడట్లేదన్నాడు. ఆయన సందేహం నాక్కొంత అర్థమవుతుంది. 'కొంత' ఎంత అన్నది మళ్ళీ జడ్జీలే తేల్చాలి కదా. ఇంకోటి కూడా మర్చిపోకూడదు, నష్టం చూపిస్తే సరిపోదు. అది లింగం వల్లో, జాతి వల్లో, ఆ జాబితాలో ఉన్న ఇంకో కారణం వల్లో జరిగిందని కూడా చూపించాలి. బాసుకి నేనంటే పడదు అన్నది ఇప్పటికీ కేసు కాదు. కిటికీ సీటు భయం ఉన్నవాళ్ళకి ఆ కాపలా చాలు.

మనవాళ్ళకి పనికొచ్చే ఇంకో తీర్పు 1973లోది, ఇదీ టెక్సాస్‌దే. శాన్ ఆంటోనియోలో ఒక బట్టల ఫ్యాక్టరీ, అమెరికా పౌరురాలు కాదని ఒక మెక్సికన్ ఆవిడకి ఉద్యోగమివ్వలేదు. పౌరసత్వం వేరు, పుట్టిన దేశం వేరు, కాబట్టి ఇది ఈ చట్టం కిందికి రాదని సుప్రీంకోర్టు ఆవిడకి వ్యతిరేకంగా చెప్పింది. కానీ అదే తీర్పులో, పౌరులు కానివాళ్ళకి కూడా జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం విషయంలో ఈ చట్టం రక్షణ ఉందనీ చెప్పింది. అంటే అక్కడ పనిచేసే మనవాళ్ళు హెచ్1బీ మీద ఉన్నంత మాత్రాన ఈ చట్టానికి పరాయివాళ్ళు కారు. చాలామందికి ఈ రెండో సగం తెలీదు.

ఇక అక్క సంగతి. ఈ చట్టం కింద కోర్టుకెళ్ళేముందు ఈఈఓసీ అనే ఫెడరల్ సంస్థలో ఫిర్యాదు చెయ్యాలి. దానికి గడువు 180 రోజులు, టెక్సాస్‌లాగా రాష్ట్రానికి సొంత సంస్థ ఉన్నచోట 300 రోజులు. 2022 మార్చి 14 నుంచి లెక్కేస్తే 2023 జనవరి 8. ఐదో సర్క్యూట్ తీర్పొచ్చింది ఆగస్టు 18న. మధ్యలో ఏడు నెలల పది రోజులు. ఎలాగూ కొట్టేస్తారు కదా అని అక్క ఫిర్యాదు చెయ్యనేలేదు. చేసి ఉంటే గెలిచేదని నేననను. కనీసం ఆవిడ పేరు వరుసలో ఉండేది. సపోర్టులో 14 నెలలు చేసి, అక్క ఉద్యోగం మారింది. కొత్త చోట డిజైన్ పనే, కానీ రెండు మెట్లు కిందినుంచి మళ్ళీ మొదలు.

మల్డ్రో తీర్పొచ్చిన రోజు ఫోన్ చేసి చదివి వినిపించాను. అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆవిడ కారు పోయిందని కూడా రాసుకుందిరా?" అనడిగింది. రాసుకుందక్కా అన్నాను. "నేను పాప బర్త్‌డే రోజు ఆన్‌కాల్‌లో ఉన్నానని రాయడానిక్కూడా సిగ్గుపడ్డాను" అంది.

ఈ చరిత్రంతా తిరిగొచ్చాక నాకు మిగిలింది ఆ ఒక్క మాటే. అరవయ్యేళ్ళలో చట్టంలోని ఆ వాక్యం మారలేదు. దాన్ని చదివే పద్ధతి మారింది. అది మారడానికి కారణం, ఎవరో కొందరు 'ఇది చిన్న విషయంలే' అనుకోకుండా తేదీతో సహా కాగితం మీద పెట్టడం. కారు, వీకెండు, ఫోర్క్‌లిఫ్టు. అవి రాసి ఉండకపోతే జడ్జీలకి చదవడానికేమీ ఉండేది కాదు.

మనం రోజూ బగ్ రిపోర్టులు రాస్తాం. 'సిస్టమ్ సరిగ్గా పనిచెయ్యట్లేదు, చాలా బాధగా ఉంది' అని ఎవడైనా టికెట్ వేస్తే నవ్వి మూసేస్తాం. ఏ తేదీన, ముందెలా ఉండేది, ఇప్పుడెలా ఉంది, పక్కవాడికెలా ఉంది అనడుగుతాం. మన సొంత బాధ దగ్గరికొచ్చేసరికి ఎందుకో ఆ నాలుగూ మర్చిపోతాం. నేను లాయర్ని కాను, ఇది సలహా అనుకోకండి. మీకు అవసరం పడితే మంచి లాయర్ని చూసుకోండి, అదీ గడువు దాటకముందే. కానీ ఆఫీసులో ఏదన్నా తేడాగా జరిగిన రోజు, సాయంత్రం ఇంటికొచ్చి ఆ నాలుగు లైన్లు మీ సొంత నోటుబుక్కులో రాసి పెట్టుకోవడానికి లాయరక్కర్లేదు కదా.

అక్క ఇప్పుడు రాస్తోంది. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద చిన్న నోటుబుక్కు ఉంటుంది. మొన్న వెళ్ళినప్పుడు తెరిచి చూశాను. చివరి పేజీలో 'పాలు, కొత్తిమీర, పాప డాన్స్ క్లాసు' అని ఉంది. వేరే రాయాల్సిన అవసరం రాలేదన్నమాట. అలాగే ఉండాలని కోరుకుంటున్నా.